సూది పొడిచేది ఒక్క క్షణం, అసలు డ్యూటీ ఆ తర్వాతే

మా పెద్దది 2015లో పుట్టింది, చిన్నవాడు 2024లో. ఒకర్ని పెంచినవాణ్ణే కదా అని నెలన్నర టీకాలకి వాణ్ణెత్తుకుని ధీమాగా వెళ్లాను. సిస్టరమ్మ చెప్పిన లెక్క విని నోరు ఎండిపోయింది. ఎడమ తొడకి పెంటా, అంటే అయిదు జబ్బులకి కలిపి వేసే సూది, కుడి తొడకి న్యుమోనియా టీకా, కుడి భుజానికి పోలియో సూది, నోట్లో పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా రోటా చుక్కలు. పెద్దది పుట్టినప్పుడు సర్కారు టీకాల్లో రోటా చుక్కలు లేవు. 2016లో దేశంలో ముందుగా మొదలెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రా ఒకటి. ఒక్కరోజే ఇన్నా అని అడిగితే, "విడివిడిగా వేస్తే విడివిడిగా ఏడుస్తాడు, మీకూ అన్నిసార్లు సెలవు" అంది. మళ్లీ మాట్లాడలేదు.

మాది విశాఖలో కంచరపాలెం. మా ఆవిడకి పగలు ఉద్యోగం, నాది షిఫ్టు. బుధ, శనివారాల టీకా పని నాకే పడింది.

పొద్దున్నే వెళ్లండి. తొమ్మిది నెలలప్పుడు తట్టు, రుబెల్లాలకి వేసే ఎమ్మార్ మందు ఒకసారి కలిపితే నాలుగు గంటల్లో వాడెయ్యాలి, మిగిలితే పారెయ్యాలి. మధ్యాహ్నం ఒక్కరు వస్తే కొత్త సీసా తెరవడానికి వాళ్లు వెనకాడతారు, అందులో తప్పేం లేదు. మన ఊరి ఉక్కలో టైటు ప్యాంట్లెందుకు, వదులు జుబ్బా, లంగోటా చాలు. చిన్న జలుబు, దగ్గు ఉంటే మానక్కర్లేదు. తేదీ దాటిపోయినా మొదటినుంచి మొదలెట్టరు, ఆగిన దగ్గర్నుంచే వేస్తారు. క్రితంసారి టీకాకి ఫిట్స్‌లాంటిది ఏదైనా వచ్చుంటే మాత్రం సూది వెయ్యకముందే చెప్పండి. జ్వరం రాకుండా ముందే సిరప్ పట్టించి తీసుకెళ్లే అలవాటు కొందరికుంది. వద్దు, జ్వరం వచ్చాక చూసుకోవచ్చు.

పట్టుకోవడం దగ్గరే మగాళ్లం తడబడతాం. పెద్దదానప్పుడు నేను కళ్లు మూసుకుని మొహం తిప్పేసుకున్నాను, అది కాలు విదిలించింది, సూది వంకరపోయి రెండోసారి పొడిచారు. బిడ్డని ఒళ్లో పక్కకి కూర్చోబెట్టుకుని, ఒక చెయ్యి మన చంక కిందికి పోనిచ్చి, రెండో చెయ్యి మన చేత్తో పట్టుకుని, కాళ్లు మన తొడల మధ్య నొక్కాలి. తల్లి వస్తే పాలిస్తుండగా వేయించుకోవచ్చు, ఏడుపు తగ్గుతుంది. నేను ఆ విషయంలో అశక్తుణ్ణి కాబట్టి లాలిపాట పాడాను. క్యూలో ఉన్న అమ్మలంతా నవ్వారు, వాడు మాత్రం ఏడ్చాడు.

అయ్యాక అరగంట అక్కడే కూర్చోండి. అలర్జీలాంటిది వస్తే సాధారణంగా ఆ వ్యవధిలోనే బయటపడుతుంది. కార్డులో తర్వాతి తేదీ రాశారో లేదో అప్పుడే చూసుకోండి.

సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది, తొడ కాస్త వాస్తుంది. పెంటాలో కోరింత దగ్గు మందు ఉంది, జ్వరం ఎక్కువగా దానివల్లే. ప్రైవేటులో 'నొప్పిలేని టీకా' అని వేసేదానికి జ్వరం తక్కువే, కానీ దాని రక్షణ త్వరగా సన్నగిల్లుతుంది. అందుకే నేను మామూలుదే వేయించాను. పెద్దదానికి మా అత్తగారు ఉప్పు మూటతో కాపడం పెట్టి తొడ కందబెట్టారు. ఆవిడది ప్రేమే, కాదన్లేం. అయినా కాపడం, పసుపు, మర్దన ఏవీ వద్దు. తడిగుడ్డ చాలు. పాలు మాటిమాటికీ పట్టాలి. లోపల చిన్న గట్టి గడ్డ కొన్ని వారాలున్నా కంగారొద్దు. పుట్టినప్పుడు క్షయకి ఎడమ భుజానికి వేసిన బీసీజీ కూడా అంతే. నెల దాటాక పొక్కు లేచి, కాస్త చీము పట్టి, మచ్చ పడుతుంది. దానికేమీ రాయకూడదు.

పారాసెటమాల్ సంగతి చెవిలో వేసుకోండి. మా ఇంట్లో డ్రాప్స్, సిరప్ రెండూ ఉన్నాయి. సాధారణంగా దొరికే డ్రాప్స్‌లో ఒక్క మి.లీ.కి 100 మి.గ్రా., సిరప్‌లో అయిదు మి.లీ.కి 125. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో డ్రాప్స్ సీసా తీసి సిరప్ మూతలో పోస్తున్నాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకోకపోతే నాలుగు రెట్లు పడేది. బరువు చూసి డాక్టరు చెప్పిన కొలత సీసా మీదే రాసి అంటించండి. నెలన్నర పిల్లలకి అడక్కుండా అస్సలు వేయొద్దు.

మూడు గంటలకి పైగా ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు వేలాడేసినా, ఊపిరి ఇబ్బందైనా తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చెయ్యండి. ఎమ్మార్ తర్వాత వారం పది రోజులకి కాస్త జ్వరం, ఎర్ర దద్దుర్లు వస్తే అది మామూలే.

అందరూ మర్చిపోయేది కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి అయిదేళ్లప్పుడు వేసే డీపీటీ. పెద్దదానికి అయిదు నిండింది 2020లో, కరోనాలో కార్డు బీరువా అడుగుకి పోయింది. ఏడేళ్లు దాటితే ఆ టీకా వెయ్యరని తెలిసి 2021లో పరుగెత్తాం. ఈసారి భుజానికి. నన్ను పట్టుకోనివ్వలేదు. జాకెట్టు చెయ్యి తనే పైకి మడిచి, "ఎడమ చేతికి వెయ్యండి ఆంటీ, కుడి చేత్తో రాసుకోవాలి" అంది.