మత్తు అలవాటున్న ఇంటిమనిషి నోట చావు మాట వస్తే

మద్యానికో, గంజాయికో, మత్తు మాత్రలకో అలవాటుపడిన మనిషి ‘నేను లేకుంటేనే మీకు నయం’ అన్నప్పుడు, కర్నూలు, అనంతపురం, కడప పల్లెల్లో ఇంటివారు తరచుగా ‘తాగి వాగుతున్నాడు, తెల్లారితే దిగిపోతుంది’ అని వదిలేస్తారు. అలా వదలకూడదు. మత్తులో ఆవేశాన్ని ఆపుకొనే శక్తి సన్నగిల్లుతుంది కనుక, మామూలు వేళ మనసులో మెదిలి వెళ్లిపోయే ఆలోచన ఆ గంటలో చేతల దాకా రావచ్చు. అలవాటు మాన్పించే సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు మనిషిని దక్కించుకోవాలి.

పక్కన కూర్చుని, ‘ఏం నాయనా, చచ్చిపోదామని ఏమన్నా అనిపిస్తాందా?’ అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం వద్దు. అడగడం వల్ల లోపలి మాట బయటికి వచ్చి భారం తగ్గే అవకాశమే ఎక్కువ. అవునంటే, ఎప్పుడు, ఎలా అన్నది ముందే అనుకున్నాడా, ఇంతకు మునుపు ప్రయత్నించాడా అని కూడా కనుక్కోవాలి. రెంటిలో దేనికి అవునన్నా ఆ రాత్రి ఒంటరిగా వదలరాదు. జవాబు వింటూ అప్పుల లెక్క, పరువు మాట ఎత్తకండి. దేవుడి పటం ముందు ఒట్టు వేయించుకోవడం మన ఇళ్లలో ఉన్నదే గానీ, అది మర్నాడే తప్పితే ఆ సిగ్గు అతణ్ణి మరింత కుంగదీస్తుంది కనుక, ఇప్పుడు దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం.

తరువాత ఇల్లు సర్దాలి. వేరుశనగ, పత్తి, మిరప వేసే ఇళ్లలో మిగిలిన పురుగుమందు డబ్బా వసారా మూలనో, మంచం కిందనో ఉంటుంది. దాన్ని వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించి, తాళంచెవి ఎక్కడున్నదీ అతనికి తెలియనివ్వకండి. నిద్రమాత్రలు, ముసలివారి బీపీ, షుగరు మాత్రలు కూడా అందకుండా చూడండి. చావాలన్న తీవ్రమైన తలపు చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందులను నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి.

భయపడి అతణ్ణి గదిలో పెట్టి గడియ వేసి ఒక్కసారిగా మాన్పించబోకండి. రోజూ ఎక్కువగా తాగేవారికి హఠాత్తుగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తరువాత లేనివి కనిపించడం, మతి తప్పడం వంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అది ఆసుపత్రిలో జరగవలసిన పని.

సలహాకు 14416కు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరులో మొదలైన ఈ టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మత్తు అలవాటు చికిత్స వివరాలకు 14446 ఉంది. కర్నూలు పెద్దాసుపత్రి, అనంతపురం సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్‌లలో మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లవచ్చు. విషమో, మోతాదు మించిన మాత్రలో ఇప్పటికే మింగి ఉంటే 108కి ఫోన్ చేయండి. వాంతి చేయించకండి, స్పృహ లేకుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, డబ్బానో మాత్రల అట్టనో వెంట తీసుకెళ్లండి.

పోలీసు కేసు అవుతుందని దాచిపెట్టేవారికి ఒక మాట: తీవ్రమైన మానసిక ఒత్తిడిలోనే ఆత్మహత్యకు యత్నించినట్లు భావించి, శిక్షించకుండా చికిత్స అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

చికిత్స ముగించుకుని ఇంటికి వచ్చిన తొలి వారాల్లోనే మరింత కనిపెట్టి ఉండాలి. కొన్నాళ్లు ఆపిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ముఖ్యంగా నల్లమందు జాతి మత్తుమందులు, మత్తు మాత్రలు వాడినవారు మళ్లీ అంతే తీసుకుంటే, చావాలన్న ఉద్దేశం లేకపోయినా ఊపిరి ఆగిపోవచ్చు. ఈ సంగతిని అతనికి దాచకుండా చెప్పండి. మళ్లీ జారితే తిట్లుండవని, వెంటనే మీకే ఫోన్ చేయమని కూడా అప్పుడే చెప్పి ఉంచండి.