ఇఫ్, వెన్, సో దట్ తర్వాత విల్, కెన్, షుడ్ ఎలా పెట్టాలి?

“ఇఫ్ ఇట్ విల్ రెయిన్, వి విల్ స్టార్ట్ సోయింగ్.”

అనంతపురం వైపు శెనక్కాయ వేసే ఇళ్ల పిల్లలు నోటుపుస్తకంలో ఇలా రాస్తే అయ్యవారు మొదటి విల్ కొట్టేసి, రెండోది వదిలేస్తారు. వాన పడడం, విత్తనం వేయడం రెండూ ముందు జరగబోయేవే కదా, ఒక విల్ తప్పు, ఇంకోటి ఒప్పు ఎట్లయింది? ఈ అనుమానం పిల్లలకే కాదు, డిగ్రీ అయిపోయినవాళ్లకూ ఉంటుంది.

జవాబు మన నోట్లోనే ఉంది. “వాన పడితే విత్తనం వేస్తాం” అంటాం. ఇందులో కాలం చెప్పేది ‘వేస్తాం’ ఒక్కటే. ‘పడితే’లో నిన్నా లేదు, రేపూ లేదు. ఇంగ్లిష్‌లోనూ ఆ ముక్కకు విల్ అక్కర్లేదు: “ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టార్ట్ సోయింగ్.” ఇఫ్, వెన్ లాంటి కంజంక్షన్ (వాక్యాలను కలిపే మాట) తర్వాత విల్, కెన్, షుడ్ లాంటి మోడల్ వెర్బ్ పెట్టాలో వద్దో తేల్చుకోవడానికి ముందు తెలుగు క్రియ తోక చూడండి. చాలా చోట్ల పని అక్కడే అయిపోతుంది.

మొదటి మెట్టు: ఇంట్లో మాట్లాడినట్టే అనుకోండి

రాయబోయే వాక్యాన్ని ముందు మామూలు తెలుగులో అనుకోండి. “ఎప్పుడైతే రైలు వస్తుందో అప్పుడు ఫోన్ చేస్తాను” అని అనుకుంటే దారి తప్పుతారు. అది ఇంగ్లిష్ గైడు తెలుగు, ఇంట్లో ఎవరూ అట్లా మాట్లాడరు. “రైలు గుంతకల్లుకు రాగానే ఫోన్ చేస్తా” అనుకోండి.

రెండో మెట్టు: తోక చూడండి

క్రియ చివర -తే, -నప్పుడు, -గానే, -ముందు, -నాక, -దాకా, -కపోతే వస్తే, ఇంగ్లిష్‌లో వరుసగా ఇఫ్, వెన్, యాజ్ సూన్ యాజ్, బిఫోర్, ఆఫ్టర్, అంటిల్, అన్‌లెస్ వస్తాయి. జరగబోయే సంగతి చెప్పేటప్పుడు వీటి వెంట విల్ వద్దు, సింపుల్ ప్రెజెంట్ చాలు.

“యాజ్ సూన్ యాజ్ ది ట్రైన్ రీచెస్ గుంతకల్, ఐ విల్ కాల్ యు.”

విల్ తీసేశాక చాలామంది ఇంకో తప్పు చేస్తారు. ‘విల్ రీచ్’లో విల్ కొట్టేసి ‘రీచ్’ను అట్లాగే వదిలేస్తారు. హి, షి, ఇట్, లేదా ఒక్కటే వస్తువు కర్త అయితే క్రియకు ‘ఎస్’ చేరాలి: ది ట్రైన్ రీచెస్, ది బస్ కమ్స్.

తోక ‘-ఓ’ అయితే లెక్క మారుతుంది. “రైలు ఎప్పుడొస్తుందో తెలీదు.” ఇక్కడ ‘వస్తుంది’ కాలంతో సహా నిండుగా ఉంది, దానికి ‘ఓ’ తగిలించాం, అంతే. కాబట్టి ఇంగ్లిష్‌లోనూ విల్ ఉండాలి: “ఐ డోంట్ నో వెన్ ది ట్రైన్ విల్ కమ్.” అదే వెన్, అయినా విల్ వచ్చింది. “వస్తాడో రాడో తెలీదు” కూడా అంతే: “ఐ డోంట్ నో ఇఫ్ హి విల్ కమ్.” ఇఫ్ తర్వాత విల్ ఎప్పటికీ రాదని బట్టీ పట్టినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఈ ‘-ఓ’ వాక్యాల్లో వరుస కూడా గమనించండి. “వెన్ విల్ ది ట్రైన్ కమ్” అనేది ప్రశ్న. “ఐ డోంట్ నో” తర్వాత కర్త ముందు, విల్ వెనక.

‘కాబట్టి’, ‘ఎందుకంటే’ అన్న అర్థంలో వచ్చే బికాజ్, సిన్స్, ‘అయినా’ అనే ఆల్దో, వీటికి పేచీ లేదు. అర్థానికి సరిపోయే మోడల్ ఏదైనా పెట్టుకోవచ్చు: “బికాజ్ ది బస్ మే బి లేట్.” ఆల్దో పెట్టిన వాక్యంలో మళ్లీ బట్ మాత్రం వద్దు.

మూడో మెట్టు: ఇఫ్ తర్వాత ఒప్పుకునే మోడల్స్

జరగబోయే సంగతి చెప్పే విల్‌కే అడ్డంకి. కెన్‌కు లేదు. “రాగలిగితే” అంటే “ఇఫ్ యు కెన్ కమ్.” “పోక తప్పదంటే పో” అంటే “ఇఫ్ యు మస్ట్ గో, గో.”

ఇఫ్ తర్వాత షుడ్ వస్తే ‘చేయాలి’ అని అర్థం చేసుకోకండి. చాలాసార్లు అది ‘ఒకవేళ’. “ఇఫ్ యు షుడ్ నీడ్ హెల్ప్” అంటే ఒకవేళ సాయం అవసరం పడితే అని. ఆఫీసు ఉత్తరాల్లో ఇఫ్ తీసేసి “షుడ్ యు నీడ్ హెల్ప్” అని మొదలుపెడతారు. అది ప్రశ్న కాదు.

విల్‌కూ ఒక మినహాయింపు ఉంది. “ఇఫ్ యు విల్ వెయిట్ హియర్, ఐ విల్ కాల్ ది మేనేజర్.” కాసేపు ఇక్కడ ఉంటానంటే పిలుస్తా అని మర్యాదగా అనడం. ఇక్కడ విల్ కాలం కాదు, ఒప్పుకోలు. మనిషి ఒప్పుకుంటాడు, వాన ఒప్పుకోదు. అందుకే “ఇఫ్ ఇట్ విల్ రెయిన్” నిలబడదు.

జరగనిదాన్ని తలుచుకునేటప్పుడు రెండు ముక్కల్లోనూ వుడ్ పెట్టడం ఇంకో అలవాటు. “తెలిసుంటే వచ్చేవాణ్ణి” అనుకోండి. ‘-ఉంటే’ దగ్గర హాడ్, ‘వచ్చేవాణ్ణి’ దగ్గర వుడ్ హావ్: “ఇఫ్ ఐ హాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్.”

నాలుగో మెట్టు: సో దట్, లెస్ట్

తోక ‘-ఏట్టు’ అయితే సో దట్, దాని వెంట మోడల్ పెట్టడం మామూలు. “అందరికీ వినపడేట్టు చెప్పు” అంటే “స్పీక్ లౌడ్లీ సో దట్ ఎవ్రీవన్ కెన్ హియర్.” ఏ మోడల్ అనేది మొదటి క్రియను బట్టి ఉంటుంది. అది జరిగిపోయిందైతే కెన్ కుడ్ అవుతుంది, విల్ వుడ్ అవుతుంది: “షి స్పోక్ లౌడ్లీ సో దట్ ఎవ్రీవన్ కుడ్ హియర్.”

‘-ఏమోనని’ అంటే లెస్ట్. మూటలు తడుస్తాయేమోనని పట్ట కప్పారు: “దే కవర్డ్ ది బ్యాగ్స్ లెస్ట్ దే షుడ్ గెట్ వెట్.” కాలం ఏదైనా షుడ్ మారదు, నాట్ పెట్టకూడదు. మాటల్లో ఇది దాదాపు వినపడదు, పరీక్షల కోసం తెలిస్తే చాలు.

ఐదో మెట్టు: ‘అని’ దగ్గర తెలుగును నమ్మకండి

“వస్తానని చెప్పాడు.” చెప్పడం అయిపోయినా మన ‘వస్తాను’ కదలదు. ఇంగ్లిష్‌లో కదులుతుంది: “హి సెడ్ దట్ హి వుడ్ కమ్.” మే మైట్ అవుతుంది, మస్ట్ ఎక్కువగా హాడ్ టు అవుతుంది. చెప్పిన పని ఇంకా జరగాల్సే ఉంటే విల్ ఉంచినా తప్పు కాదు. పరీక్షలో మాత్రం వుడ్ రాస్తే గొడవుండదు.

యాండ్, ఆర్ దగ్గర మోడల్ ఒక్కసారి చాలు, కానీ రెండో క్రియ కూడా మూల రూపంలోనే ఉండాలి. “హి కెన్ కమ్ అండ్ మీట్ యు” సరి, “మీట్స్” తప్పు.

ఒక వాక్యం సరిచేద్దాం

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద రైతు అర్జీలో ఇట్లా రాశాడనుకుందాం: “వెన్ ది వాటర్ విల్ బి రిలీజ్డ్, వి విల్ కెన్ స్టార్ట్ ప్లాంటింగ్. అన్‌లెస్ వి డోంట్ గెట్ వాటర్ సూన్, ది సీడ్‌లింగ్స్ మే గెట్స్ టూ ఓల్డ్.”

తెలుగులో అనుకుంటే “నీళ్లు వదిలినప్పుడు నాట్లు మొదలుపెట్టగలం. తొందరగా నీళ్లు రాకపోతే నారు ముదిరిపోవచ్చు.”

‘వదిలినప్పుడు’ కాబట్టి మొదటి విల్ పోతుంది, ‘ఈజ్ రిలీజ్డ్’ చాలు. విల్, కెన్ రెండు మోడల్స్ పక్కపక్కన కూర్చోవు, ‘విల్ బి ఏబుల్ టు’ అనాలి. ‘రాకపోతే’లోని ‘కపోతే’ మొత్తం అన్‌లెస్‌లోనే ఇమిడిపోయింది, మళ్లీ డోంట్ రాస్తే నీళ్లొస్తే నారు ముదురుతుందని అర్థం తిరగబడుతుంది. మే తర్వాత ‘గెట్’కు ఎస్ ఉండదు.

“వెన్ ది వాటర్ ఈజ్ రిలీజ్డ్, వి విల్ బి ఏబుల్ టు స్టార్ట్ ప్లాంటింగ్. అన్‌లెస్ వి గెట్ వాటర్ సూన్, ది సీడ్‌లింగ్స్ మే గెట్ టూ ఓల్డ్.”