ఫుట్‌బాల్ జట్టు వ్యూహంలో లోపాన్ని పట్టుకుని సరిచేయడం ఎలా?

రెండు మ్యాచ్‌లు ఓడగానే 4-4-2 తీసేసి 3-5-2 పెట్టే కోచ్‌లను చూసి చూసి విసిగిపోయాను. డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు ఎందరో చెప్పే ఆ అంకెలు కిక్‌ఆఫ్ వరకే. బంతి కదిలాక చూడాల్సింది వరుసల మధ్య దూరం.

ఎత్తులోంచి తీసిన పూర్తి మ్యాచ్ వీడియో, నోట్‌బుక్, పెన్ను చాలు. ఫోన్‌తో తీసినా సరే, గోల్‌కీపర్ కాక మిగతా పదిమందీ ఫ్రేమ్‌లో ఉండాలి. హైలైట్స్ పనికిరావు. ఆటగాళ్ల బదులు మాగ్నెట్లు జరిపే బోర్డు అసలే వద్దు, మాగ్నెట్లకు ఆయాసం రాదు.

ఒకసారి ఆపకుండా చూసేయండి. రెండోసారి, మనవాళ్లు బంతి పోగొట్టుకున్న ప్రతిచోటా పాజ్ కొట్టండి.

అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే. కళ్లు బంతి వెంటే పోతాయి. బంతిని వదిలేసి డిఫెండర్ల వరుస నుంచి మిడ్‌ఫీల్డ్ వరుస దాకా ఎంత ఖాళీ ఉందో చూడండి. కొలతకు పెనాల్టీ బాక్స్ ఉంది కదా, దాని లోతు 16.5 మీటర్లు. మధ్యలో ఆ బాక్స్ పట్టేస్తోందంటే గండి పడినట్టే. మిలాన్ కోచ్‌గా అరిగో సాకీ అయితే చివరి డిఫెండర్ నుంచి ఫార్వర్డ్ దాకా మొత్తం 25 మీటర్లలోనే ఉండాలనేవాడు.

గండి కనిపించగానే డిఫెండర్లను తిట్టకండి. ఐదు సెకన్లు వెనక్కి తిప్పి, బంతి ఉన్న ప్రత్యర్థిని చూడండి. మీద ఎవరూ లేక, తలెత్తి తీరిగ్గా పాస్ వెతుకుతున్నాడా? అయితే డిఫెండర్లు వెనక్కి తగ్గడం సరైనదే, తప్పు అతని మీదకెళ్లి ఒత్తిడి పెట్టని (ప్రెస్ చేయని) ముందువాళ్లది. అతను ఒత్తిడిలో తల దించుకుని ఉన్నా డిఫెండర్లు వెనక్కే పోతుంటే తప్పు వాళ్లది. ఖాళీ ఒకటే, కారణాలు రెండు. నేనూ ఓ సీజన్‌లో లెఫ్ట్ బ్యాక్‌ను వారాల తరబడి కేకలేశాను. తీరా వీడియో చూస్తే, ముందున్న వింగర్ వెనక్కి రాకపోవడంతో పాపం అతను ఇద్దరిని ఒంటరిగా ఆపుతున్నాడు.

ఒక్కసారి జరిగినదాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒకే వైపు నాలుగైదుసార్లు జరిగితేనే రాసుకోండి. చివరి పావుగంటలో మాత్రమే జరిగితే అది అలసట, వ్యూహం కాదు.

ఇక మార్పు. ఒక్కటే చేయండి. 2016 సెప్టెంబరులో ఆర్సెనల్ చేతిలో 3-0తో ఓడాక అప్పటి చెల్సీ కోచ్ ఆంటోనియో కోంటే జట్టును ముగ్గురు డిఫెండర్లకు మార్చాడు, ఆ తర్వాత లీగ్‌లో వరసగా 13 గెలిచాడు నిజమే. కానీ యువెంటస్‌లో, ఇటలీ జట్టులో ఆ పద్ధతిని అరగదీసి వచ్చినవాడు ఆయన. మనం రాత్రికి రాత్రి మారిస్తే, మైదానం అంచుల్లో ముందుకీ వెనక్కీ పరిగెత్తాల్సిన వింగ్ బ్యాక్‌లకు ఎక్కడ నిలబడాలో కూడా తెలియదు.

ఆ ఒక్క మార్పునీ సగం మైదానంలో ఎనిమిది మంది చొప్పున ఆడించి, గండి కనబడగానే విజిల్ వేసి ఎవరినీ కదలనివ్వకుండా చూపించండి. తర్వాతి రెండు మ్యాచ్‌ల వీడియోలోనూ అవే చోట్ల పాజ్ కొట్టండి. గండి అప్పటికీ పూడకపోతే, అప్పుడు మాట్లాడుకుందాం 3-5-2 గురించి.