కూలికెళ్ళే తల్లుల కోసం ఊళ్ళోనే క్రష్ (పగలు చంటిపిల్లల్ని చూసుకునే చోటు) పెట్టుకోవడం ఎలా?

మిరప కోతలప్పుడు మా గుంటూరు వైపు ఆడవాళ్ళు పొద్దున ఏడు కాకముందే ఆటో ఎక్కేస్తారు, అంగన్‌వాడీ తెరిచేసరికి తొమ్మిదవుతుంది, మరి ఆ మధ్యలో చంటిదాన్ని ఎవరు చూడాలి? పదేళ్ళ అక్క బడి మానేసి చూస్తుంది. లేదంటే చేను గట్టున తుమ్మచెట్టుకి చీర ఉయ్యాల. కాయలు కోసిన చేతులు ఎంత కడుక్కున్నా మంట పోదు, ఆ చేత్తోనే బిడ్డ మూతి తుడిస్తే గుక్కపట్టి ఏడుస్తుంది.

ముందు గది వెతకొద్దు, లెక్క రాయండి. డ్వాక్రా గ్రూపు లీడర్లు ఇద్దరు ముగ్గురు కలిసి రెండు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, బిడ్డకి ఎన్ని నెలలు, తల్లి ఎన్నింటికి వెళ్తుంది, ఎన్నింటికి వస్తుంది, ఇప్పుడు ఎవరు చూస్తున్నారు అని నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ చివరి గడిలో "అక్క" అని ఎన్నిసార్లు పడిందో చూస్తే చాలు, మీటింగ్‌లో ఇంకేం చెప్పక్కర్లేదు.

తర్వాత అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి వెళ్ళండి, గొడవకి కాదు, ఆమెకి ఇప్పటికే రిజిస్టర్ల పనే బోలెడు. కేంద్ర ప్రభుత్వం 2022లో మహిళల పథకం మిషన్ శక్తి కింద తెచ్చిన పాల్నా స్కీమ్‌లో అంగన్‌వాడీతో పాటే క్రష్ నడపొచ్చు, ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల్ని ఉంచుకుంటారు. గ్రామసభలో తీర్మానం చేయించి, మీ లెక్క జతపెట్టి అంగన్‌వాడీల పైఆఫీసరు సీడీపీవోకి అర్జీ ఇవ్వండి. మీ కాపీ మీద ముద్ర మాత్రం వేయించుకోండి, అది లేకపోతే మళ్ళీ మొదటికే.

మంజూరయ్యేదాకా కూర్చుంటే సీజన్ అయిపోతుంది కదా, అందుకని చిన్నగా మీరే మొదలుపెట్టండి. గుజరాత్‌లో "సేవా" (SEWA) అనే కష్టజీవుల మహిళా సంఘం ఆడవాళ్ళు 1986లోనే పిల్లల సంరక్షణకి సొంతంగా కోఆపరేటివ్ రిజిస్టర్ చేసుకున్నారు, అది కూడా కూలినాలి చేసుకునేవాళ్ళ పిల్లల కోసమే. చూసుకోడానికి ఒక్కరు సరిపోరు, ఇద్దరుండాలి, ఒకరికి జ్వరమొస్తే ఆ రోజు పది ఇళ్ళ కూలి పోతుంది. వాళ్ళకి జీతం ఇవ్వాల్సిందే, "ఊరికే చూస్తుందిలే" అనుకుంటే నెల కూడా నడవదు. తల్లుల దగ్గర నెలకి కాకుండా రోజుకింత అని తీసుకోండి, పని లేని రోజు భారం ఉండదు.

గదికి గాలి, మంచినీళ్ళు, బాత్రూం ఉండాలి. పక్కన నీళ్ళ తొట్టి, బావి ఉంటే వద్దే వద్దు. బిడ్డని తీసుకెళ్ళేవాళ్ళ పేర్లు ముందే రాసిపెట్టుకోండి, అందులో లేనివాళ్ళు మేనమామైనా సరే పంపకండి.

ఇంకోటి, ముఠా మేస్త్రికి ముందే చెప్పి ఆటో క్రష్ ముందు ఆగేలా చూడండి, పిల్లల్ని దింపేసి అట్నుంచటే ఎక్కేస్తారు.