కత్తెర మీ చేతికి వచ్చినప్పుడు: పర్ఫార్మెన్స్ ఆర్ట్‌లో ప్రేక్షకుడు ఎలా మెలగాలి?

పర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటే కళాకారులు ప్రేక్షకుల ఎదుట తమ శరీరాన్నే మాధ్యమంగా చేసుకుని ప్రదర్శించే కళ; కొన్ని ప్రదర్శనల్లో ప్రేక్షకులను ముందుకు పిలిచి, కత్తెర వంటి వస్తువును వారి చేతికే ఇస్తారు. అటువంటి ప్రదర్శనకు సన్నాహం స్వల్పమే. ఫోన్ బయటే వదిలివేయండి. నడవ పక్క కుర్చీలో కూర్చోండి. కళాకారులు ఇచ్చిన సూచనలను రెండుసార్లు చదవండి. మొదట లేవకండి, చివరిదాకా ఆగకండి. ఐదవ వ్యక్తిగా వెళ్ళడమే సరైన పద్ధతి.

చిక్కంతా కుర్చీలోంచి లేచే క్షణంలో ఉంది. కళాకారిణి యోకో ఒనో 1964లో జపాన్‌లోని క్యోటోలో తొలిసారి ప్రదర్శించిన 'కట్ పీస్'లో ఆమె వేదికపై కదలకుండా కూర్చుంటుంది. ప్రేక్షకులు ఒక్కొక్కరుగా వచ్చి, ఎదుట ఉన్న కత్తెరతో ఆమె దుస్తుల్లోంచి ఒక ముక్క కత్తిరించి తీసుకుపోవచ్చు. 1965లో న్యూయార్క్‌లోని కార్నెగీ రిసైటల్ హాల్లో ఒక యువకుడు ఆమె లోదుస్తుల పట్టీలనూ తెంపాడు. ఆమె చేతులు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. 1974లో ఇటలీలోని నేపుల్స్‌లో మరో కళాకారిణి మరీనా అబ్రమోవిచ్ 'రిథమ్ 0' పేరుతో 72 వస్తువులను బల్లపై పరచి, వాటితో తనను ఏమైనా చేయవచ్చని ఆరు గంటలు నిలబడినప్పుడు, గులాబీలతో మొదలైన వ్యవహారం ఆమె తలకు పిస్తోలు గురిపెట్టేదాకా పోయింది. ఆ పిస్తోలును లాగివేసినవారూ ప్రేక్షకులే.

ముందు వచ్చినవారి చెయ్యి ఎక్కడ ఆగిందో, తరువాతివారి చెయ్యి అక్కడినుంచే మొదలవుతుంది. ఇటువంటి ఒక పునఃప్రదర్శనలో నా ముందున్న పెద్దమనిషి అరచేయంత గుడ్డ కత్తిరించి, సభవైపు తిరిగి ఎత్తి చూపాడు, నవ్వులు వినిపించాయి, ఆ తరువాతి ముగ్గురూ అంతకంటే పెద్ద ముక్కలే తీసుకున్నారు. కాబట్టి ఏం చేస్తారో, ఎక్కడ ఆపుతారో కూర్చుని ఉండగానే తేల్చుకోండి; నడుస్తూ ఆలోచిద్దామనుకుంటే ఆ నిర్ణయం సభలోని నవ్వుల చేతిలోకి పోతుంది. దగ్గరికి వెళ్ళాక ముందు కళాకారిణి ముఖం చూడండి. ఊపిరి బిగబట్టినట్లు కనిపిస్తే కత్తెరను తాకకుండా తిరిగి రండి. సభకు వీపు పెట్టి, అంచు నుంచి బొటనవేలి గోరంత ముక్క మాత్రమే కత్తిరించండి. మెడ దగ్గర ఎన్నడూ కత్తిరించరాదు.

"ఆమే అనుమతించింది కదా" అనేవారు అనుమతిని ఆజ్ఞగా పొరబడుతున్నారు. చేతులు కట్టుకుని చూడడమే మర్యాద అనే మరో వర్గంతోనూ నాకు పేచీ ఉంది: అందరూ అలాగే కూర్చుంటే అక్కడ ఒక మనిషి, ఒక కత్తెర మిగులుతాయి తప్ప ప్రదర్శన ఏదీ జరగదు. పైగా ఎవరైనా హద్దు మీరుతున్నప్పుడు లేచి అడ్డుపడవలసినవారు కూడా ఆ కుర్చీల్లోనే ఉంటారు. అప్పుడు మాత్రం ఐదవవారిగా మీ వంతు వచ్చేదాకా ఆగకండి.

కత్తిరించాక కత్తెరను మూసి, పిడి తరువాత వచ్చేవారి వైపు ఉండేటట్లు నేలపై పెట్టండి. ముక్కను ఎవరికీ చూపకుండా జేబులో వేసుకుని, వచ్చిన దారినే వెళ్ళి కూర్చోండి.