పసిగుడ్డు ఫొటోలు ఇంట్లోనే: కిటికీ చూసుకోండి, నిద్ర పట్టనివ్వండి

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగిళ్లలో బిడ్డకు మొదటి మంచి ఫొటో అంటే బారసాల నాటిదే. పక్కింటి ఒడియావాళ్లు బిడ్డకు పేరు పెట్టే వేడుక ఏకోయిశా కూడా 21వ రోజే. ఆవేళ ఇంటినిండా చుట్టాలు, ఒళ్లు మారుతూ ఏడ్చే బిడ్డ. పైగా అప్పటికి చాలామంది పిల్లల ముఖం మీద సన్నటి పొక్కులు మొదలవుతాయి. 5 నుంచి 14 రోజుల లోపు తీయండి. నిద్ర గాఢంగా ఉంటుంది, కాళ్లూ చేతులూ కడుపులో ఉన్నట్టే ముడుచుకుని ఉంటాయి.

అన్నిటికంటే ముఖ్యం వెలుగు. పాత బరంపురం ఇళ్లు వీధి గుమ్మం నుంచి పెరటి దాకా పొడుగ్గా ఉంటాయి, ఉమ్మడి గోడలకు కిటికీలుండవు. మధ్య గదులు వదిలేసి వీధి గదిలోనో, పెరటి గుమ్మం దగ్గరో పక్క వేయండి. కిటికీకి మూడడుగుల దూరం చాలు. ఎండ నేరుగా పడుతుంటే పలచటి తెల్ల పంచె ఒక పొర అడ్డం కట్టండి. ట్యూబులైటు ఆర్పేయండి, లేకపోతే ఒక చెంప ఒక రంగు, రెండోది మరో రంగు. గోడకు పచ్చరంగో నీలమో ఉంటే అదీ ముఖం మీద పడుతుంది, అవతలి వైపు తెల్ల దుప్పటి వేలాడదీయండి. వెలుగు నుదుటి నుంచి గడ్డం వైపు జారాలి. కాళ్ల వైపు నుంచి వస్తే ముక్కు నీడ పైకి పడి ముఖం భయంగా కనిపిస్తుంది.

పాలు పట్టి, తేన్పు వచ్చాక ఇరవై నిమిషాలు ఆగండి. చెయ్యి ఎత్తి వదిలితే మెత్తగా వాలిపోతే నిద్ర పట్టినట్టే. జయపురం, కొరాపుట్ చలికాలంలో బట్టలు విప్పొద్దు. గది వెచ్చగా ఉండాలని కుంపటి పెట్టి తలుపులు బిగించడం ప్రాణాంతకం.

కింద పరచడానికి ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరే మేలు, పట్టుచీర జరీ గీరుకుంటుంది. కోట్‌పాడ్ నేత ఎర్రచీర ముచ్చటగా ఉంటుంది గానీ ముఖం దగ్గరకు తేకండి, ఆ ఎరుపు చెంపలకెక్కుతుంది. దిష్టిచుక్క అరికాలికి పెట్టండి. కంటికి కాటుక వద్దు.

బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి, గడ్డం ఛాతీకి ఒత్తుకోకూడదు. గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చున్నట్టుండే స్టూడియో ఫొటోలు, తలను ఒకరు పట్టుకోగా తీసి ఆ చేతులు చెరిపేసి కలిపినవి. ఇంట్లో ప్రయత్నించకండి. ఒక పెద్దమనిషి ఎప్పుడూ చేయందేంత దూరంలో ఉండాలి. పైనుంచి తీసేటప్పుడు ఫోను తాడు మణికట్టుకు వేసుకోండి.

మర్దన నూనె చేతులతో ఫోను ముట్టుకుని ఉంటారు, లెన్సు తుడవండి. దగ్గరకెళ్లి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. మీటరు దూరం జరిగి రెండింతల జూమ్ పెట్టండి. ఫోను తెర మీద బిడ్డ ముఖం కనిపించే చోట వేలు నొక్కి ఉంచి ఫోకస్ లాక్ చేయండి. తెల్లబట్టలకు ఫోను మోసపోయి ఫొటోను నల్లబరుస్తుంది, వెలుగు కాస్త పెంచండి. ఫ్లాష్, బ్యూటీ మోడ్ రెండూ ఆపేయండి. కెమెరా అయితే షట్టర్ వేగం 1/200 సెకను పెట్టండి, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 దాకా ఫర్వాలేదు.

ముఖం అయ్యాక మడమ దగ్గర పొట్టు లేస్తున్న చర్మం, భుజం మీద నూగు, అమ్మ వేలు పట్టుకున్న గుప్పిట తీయండి. ఎర్రదనం ఎక్కువనిపిస్తే నలుపు తెలుపు చేస్తే సరి. కిటికీ వెలుగులో కూడా పొట్ట, కాళ్లు పసుపుగా కనిపిస్తే ఫిల్టర్ల జోలికి పోకుండా ఆరోజే పిల్లల డాక్టరుకు చూపించండి.