ఏడాదిన్నరలో నర్సింగ్ డిగ్రీ: క్లాసులు మొదలవకముందే చూసుకోవాల్సినవి

అమెరికాలో ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ చేతిలో ఉన్నవాళ్లు నర్సు కావడానికి దగ్గరి దారి, తక్కువ కాలంలో ముగిసే నర్సింగ్ డిగ్రీ అయిన యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్. వాడుకలో ఏబీఎస్‌ఎన్ అంటారు. మామూలు నాలుగేళ్ల డిగ్రీలోని నర్సింగ్ భాగాన్నంతా 11 నుంచి 18 నెలల్లో చెప్పేస్తారు. బీటెక్, బీఫార్మసీ, బీడీఎస్ చేసి ఇక్కడికొచ్చి, పిల్లలు కాస్త పెద్దయ్యాక ఇటువైపు చూసే తెలుగువాళ్లున్నారు. ఈ జాగ్రత్తలు ముఖ్యంగా వాళ్లకోసం.

ఈ కోర్సులో దెబ్బతినేది తెలివి చాలక కాదు, టైము చాలక. పిల్లాడికి వారం జ్వరం, అందని ఒక టీకా కాగితం, తప్పిన ఒక డోసేజ్ పరీక్ష... మామూలు కోర్సులో ఇవన్నీ సర్దుకుపోతాయి. ఇక్కడ సర్దుకునేలోపే సెమిస్టర్ అయిపోతుంది. పైగా చాలా స్కూళ్లలో బ్యాచ్ అంతా ఒకే వరసలో నడుస్తుంది. ఒక సబ్జెక్టు పోతే అది మళ్లీ చెప్పేదాకా, అంటే ఆర్నెల్లో ఏడాదో, ఇంట్లో కూర్చోవాలి. రెండు పోతే చాలాచోట్ల బయటకే పంపేస్తారు. అలా బయటకొచ్చినవాళ్లను ఇంకో స్కూలు తీసుకోవడం కష్టం. అందుకే చేరడానికి ఐదారు నెలల ముందే పని మొదలుపెట్టాలి.

టీకాల కాగితాలు

ఇవి పూర్తికాకపోతే ఆస్పత్రి లోపలికి రానివ్వదు. క్లినికల్స్, అంటే ఆస్పత్రిలో చేసే శిక్షణలో, మొదటి రోజే గైర్హాజరు పడుతుంది. మన చిన్ననాటి టీకా కార్డు ఏ అమ్మమ్మగారింటి ట్రంకుపెట్టెలోనో ఉండి ఉంటుంది. దానికోసం వెతికేబదులు టైటర్ చేయించుకోండి. ఒంట్లో యాంటీబాడీలు ఉన్నాయో లేదో చెప్పే రక్తపరీక్ష ఇది. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా, ఆటలమ్మ, హెపటైటిస్ బి, అన్నిటికీ ఒకేసారి రక్తం ఇవ్వొచ్చు. "చిన్నప్పుడు ఆటలమ్మ పోసింది" అన్న మాట స్కూలుకు పనికిరాదు, కాగితమే కావాలి.

అసలు చిక్కు హెపటైటిస్ బి దగ్గర వస్తుంది. మామూలు టీకా మూడు డోసులు: మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. చివరి డోసు తర్వాత నెల రెండు నెలలు ఆగి టైటర్. ఆగస్టులో చేరుతూ జూన్‌లో మొదలుపెడితే ఈ లెక్క తేలదు. హెప్లిసావ్-బి అనే టీకా నెల తేడాతో రెండే డోసులు. ఆలస్యమైనవాళ్లు డాక్టర్ను దీని గురించి అడగండి.

రెండోది క్షయ పరీక్ష. భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ ఉన్నవాళ్లు చేతిమీద చర్మపరీక్ష చేయించుకుంటే, క్షయ లేకపోయినా పాజిటివ్ అని రావచ్చు. అలా వస్తే ఎక్స్‌రే, డాక్టర్ ఉత్తరం అంటూ వారాలు పోతాయి. బీసీజీ ప్రభావం పడని రక్తపరీక్ష ఉంది, క్వాంటిఫెరాన్ అంటారు. మొదటే దాన్ని అడగండి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఎంఆర్ టీకా వేయించుకుంటే క్షయ పరీక్ష అదేరోజు అయిపోవాలి, లేదంటే 28 రోజులు ఆగాలి. ఈ సంగతి తెలియక నెల పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

సీపీఆర్ కార్డు విషయానికొస్తే, స్కూళ్లు ఎక్కువగా అడిగేది అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారి బీఎల్ఎస్ ప్రొవైడర్ కార్డు. అది రెండేళ్లు పనిచేస్తుంది. బొమ్మ ఛాతీమీద నొక్కి చూపించకుండా పూర్తిగా ఆన్‌లైన్లో ఇచ్చే కార్డుకు డబ్బు కట్టకండి.

ఇల్లు

వారానికి క్లాసులు, క్లినికల్స్ కలిపి 35 నుంచి 40 గంటలు, చదువుకు ఇంకో పాతిక గంటలు పోతాయనుకోండి. క్లినికల్ రోజు ఉదయం 6:45కల్లా వార్డులో ఉండాలి. డేకేర్ తెరిచేది చాలాచోట్ల 6:30కో 7 గంటలకో. ఈ అరగంట ఎవరు చూసుకుంటారో చేరకముందే తేల్చుకోవాలి. పిల్లాడికి జ్వరమొస్తే డేకేర్ తీసుకోదు, క్లినికల్ మానితే మళ్లీ చేయాలి. కాబట్టి ఆ రోజు సెలవు పెట్టేది ఎవరో భార్యాభర్తలు ముందే అనుకోవాలి, ఆ పొద్దున కాదు.

అమ్మనో అత్తగారినో పిలిపించుకునేవాళ్లకు ఒక లెక్క. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఆరు నెలలే ఇస్తారు. కోర్సు పదిహేను నెలలైతే ఒక్కరి రాక సరిపోదు. మొదటి సెమిస్టర్‌లో ఎలాగోలా నెట్టుకొచ్చినా, మెడ్-సర్జ్ అనే పెద్ద సబ్జెక్టు పన్నెండు గంటల షిఫ్టులతో మీద పడే రెండో సెమిస్టర్‌కు ఒకరు, చివర్లో అనుభవమున్న నర్సు వెంట చేసే ప్రిసెప్టర్ షిఫ్టులకు ఇంకొకరు ఉండేలా చూసుకోండి. వచ్చిన పెద్దలకు మీరు ఎప్పుడు నిద్రపోతారో చెప్పి పెట్టడం కూడా జాగ్రత్తే. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకుంటే "ఇంకా లేవలేదేమిటి" అని తలుపు తట్టడం మన ఇళ్లలో మామూలే.

ఇక "బీటెక్ చదివి నర్సా?" అనే బంధువులకు జవాబు చెప్పే పని ఈ ఏడాదిన్నర పెట్టుకోకండి.

హెచ్‌-4 (హెచ్-1బి వాళ్ల భార్య/భర్త వీసా) మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు. కానీ ఈఏడీ అనే పని అనుమతి కార్డు లేకుండా ఉద్యోగం చేయకూడదు, నర్సు లైసెన్స్ వచ్చాక కూడా అంతే. మామూలు వార్డు నర్సు ఉద్యోగానికి హెచ్‌-1బి దొరకడం కష్టం. ఫీజు కట్టకముందే లాయరుతో ఒక గంట మాట్లాడండి.

మొదటి వారంలోపే రావలసిన లెక్క

డోసేజ్ లెక్కల పరీక్షలో చాలా స్కూళ్లు 90 శాతం అడుగుతాయి, కొన్ని నూటికి నూరే అడుగుతాయి. ఇచ్చేది రెండు మూడు ప్రయత్నాలే. ఎంసెట్ రాసినవాళ్లకు ఇది లెక్కే కాదనిపిస్తుంది. తప్పు గణితంలో రాదు, యూనిట్లలో వస్తుంది.

ఒకటి చూడండి. పేషెంట్ బరువు 176 పౌండ్లు. హెపారిన్ గంటకు కిలోకు 18 యూనిట్లు ఎక్కించమన్నారు. సంచిలో 250 ఎంఎల్‌కు 25,000 యూనిట్లున్నాయి, అంటే ఎంఎల్‌కు 100. ముందు 176ను 2.2తో భాగించాలి: 80 కిలోలు. 80 సార్లు 18 అంటే గంటకు 1,440 యూనిట్లు. పంపు మీద పెట్టాల్సింది గంటకు 14.4 ఎంఎల్. పౌండ్లను కిలోలు చేయడం మరిచి నేరుగా 18తో గుణిస్తే 3,168 యూనిట్లు, 31.7 ఎంఎల్ వస్తుంది. రెట్టింపు కన్నా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా చేసే మందు రెట్టింపు వెళితే రోగికి లోపల రక్తస్రావమే. ప్రతి లెక్కలో ప్రతి అంకె పక్కన దాని యూనిట్ రాసి, ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వెళ్లండి. జవాబులో మిగలాల్సిన యూనిట్ మిగలకపోతే లెక్క తప్పినట్టే.

రాత పద్ధతి కూడా ఇప్పుడే మార్చుకోవాలి. అర మిల్లీగ్రాము 0.5 అని రాయాలి, ఉత్త .5 కాదు. ఐదు 5 అని రాయాలి, 5.0 కాదు. చుక్క కనబడకపోతే అది 50 అయి కూర్చుంటుంది. తేదీలో నెల ముందు, రోజు తర్వాత. సమయం 24 గంటల లెక్కలో.

మన నోటి ఇంగ్లీషు, మన మందుల పేర్లు

ఈ సంగతి ఓరియంటేషన్‌లో చెప్పరు. ఇండియాలో ఫార్మసీ, డెంటల్ చదివినవాళ్లకు మందులు తెలుసు, పేర్లే వేరు. పారాసిటమాల్ ఇక్కడ అసిటమినోఫెన్, సాల్బుటమాల్ ఆల్బుటెరాల్, అడ్రినలిన్ ఎపినెఫ్రిన్, పెథిడిన్ మెపెరిడిన్. మనకు వెంటనే నోటికొచ్చే డోలో, క్రోసిన్ లాంటి పేర్లు ఇక్కడ ఎవరికీ తెలియవు. పాత పేరు, కొత్త పేరు ఎదురెదురుగా ఒక కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కు అంటించండి.

"లూజ్ మోషన్స్", "గిడ్డీనెస్", "షుగర్ పేషెంట్", "బీపీ ఉంది" లాంటి మాటలు ఇక్కడ అర్థం కావు, లేదా వేరేగా అర్థమవుతాయి. "బీపీ ఉంది" అంటే ఇక్కడి నర్సు "బీపీ అందరికీ ఉంటుందిగా, ఎంతుంది?" అంటుంది. విరేచనాలైతే డయేరియా, ఎన్నిసార్లు, ఎంత. కళ్లు తిరుగుతుంటే డిజీ, పడుకున్నప్పుడు బీపీ ఎంత, నిలబడ్డప్పుడు ఎంత. డాక్టరుకు ఫోన్ చేసేటప్పుడు ఎస్‌బార్ వరస పాటిస్తారు: ఇప్పుడేమైంది, రోగి నేపథ్యమేంటి, నేను చూసినదేంటి, నాకేం కావాలి. ఆ చివరిదే మనవాళ్లు నమిలి మింగేస్తారు. పెద్దవాళ్లకు ఎదురు చెప్పకూడదనే అలవాటు చదువులో పనికొచ్చి ఉండొచ్చు, వార్డులో పనికిరాదు. "మీరొచ్చి ఇప్పుడు చూడాలి" అని నోరు తెరిచి అనడం ఇంట్లో గట్టిగా సాధన చేయండి. అర్థం కాకపోయినా తల ఊపే అలవాటు కూడా మానుకోవాలి. ఆ ఊపు అవునో కాదో ఎదుటివాళ్లకు తెలియదు.

పరీక్షలు

ముందురోజు రాత్రి నైట్‌అవుట్ కొట్టి గట్టెక్కడం ఇక్కడ నడవదు. ప్రశ్నలో నాలుగు జవాబులూ ఒప్పే అయి ఉండొచ్చు. అడిగేది ఏది ముందు అని. ఉదాహరణకు, షిఫ్ట్ మొదట్లో నలుగురు పేషెంట్లు: సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉండి ఆక్సిజన్ 90 శాతం ఉన్న పెద్దాయన, తుంటి ఆపరేషనయిన రెండోరోజు ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినావిడ, షుగర్ 210 ఉన్నాయన, నొప్పి పదికి ఏడు అంటున్న కుర్రాడు. 90 చూసి పెద్దాయన దగ్గరికి పరిగెత్తాలనిపిస్తుంది. కానీ సీఓపీడీలో 90 అనేది అనుకున్న అంకె. తుంటి ఆపరేషనయినావిడకు కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఉండొచ్చు. ముందు ఆమె. ఉన్నదానికన్నా కొత్తగా వచ్చింది, నిలకడగా ఉన్నవాళ్లకన్నా మారుతున్నవాళ్లు ముందు. ఈ చూపు పుస్తకం బట్టీపడితే రాదు. రోజుకు 40, 50 ప్రశ్నలు చేసి, తప్పయినవాటికే కాదు ఒప్పయినవాటికి కూడా వివరణ చదివితే వస్తుంది.

పాస్ మార్కు చాలాచోట్ల 75 నుంచి 78 మధ్య ఉంటుంది. 77.9ని 78 చేయరు. కొన్ని స్కూళ్లలో పరీక్షల సగటు ఆ గీత దాటాకే అసైన్‌మెంట్ మార్కులు కలుపుతారు. సిలబస్‌లో ఆ వాక్యాన్ని వెతికి పట్టుకోండి. మొదటి పరీక్ష గీత దగ్గరగా వచ్చిందంటే ఆ వారంలోనే ప్రొఫెసర్ దగ్గర కూర్చుని పేపర్ చూడండి. ప్రతి తప్పునూ నాలుగు గళ్లలో ఒకదాంట్లో వేయండి: తెలియలేదు, ప్రశ్న సరిగా చదవలేదు, రెండిట్లో తప్పుది ఎంచుకున్నాను, ఒప్పుది పెట్టి మార్చేశాను. మొదటి గడి నిండితే చదువు పెంచాలి. మిగతావి నిండితే చదువు పెంచినా లాభం లేదు, ప్రశ్నలు చేయడమే పెంచాలి.

చేరేముందు వేసవిలో ఏం చదవాలని అడిగితే: ఒంట్లో నీరు, సోడియం, పొటాషియం, గుండెలో రక్తం తిరిగే దారి, కిడ్నీ రక్తపోటును పట్టి ఉంచే పద్ధతి, ఇన్సులిన్. ఇంతే. పొటాషియం 3.5 నుంచి 5.0 మధ్య ఎందుకుండాలో గుండెతో ముడిపెట్టి చెప్పగలిగితే ఫార్మకాలజీలో సగం భయం పోతుంది.

వార్డులో

మోచేతి కింద గాజులు, కంకణాలు, వాచీలు ఆస్పత్రి అనుమతించినంతే. నల్లపూసలు, తాళి యూనిఫాం లోపల ఉండాలి. మత్తులో ఉన్న రోగి చేతికందితే లాగేస్తాడు. పండక్కి గోరింటాకు పెట్టుకునేముందు స్కూలు నియమం చూడండి. ఉపవాసాలుంటే క్లినికల్ లేని రోజుకు మార్చుకోండి. ఖాళీ కడుపుతో ఆపరేషన్ థియేటర్‌లో మోకాళ్లు బిగించి గంటసేపు నిలబడితే పడిపోతారు. కళ్లు బైర్లు కమ్మగానే శుభ్రపరిచిన బల్లకు దూరంగా రెండడుగులు వెనక్కి వేసి, చెప్పి, నేలమీదే కూర్చోండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రోగిని ఎత్తేటప్పుడు మీమీద పడే బరువు 35 పౌండ్లు దాటుతుందనిపిస్తే లిఫ్ట్ యంత్రమో ఇంకో మనిషో కావాలి. పడిపోతున్న రోగిని ఒంటరిగా పట్టి ఆపబోతే మీ నడుమే పోతుంది.

వాడిన సూదికి మూత మళ్లీ పెట్టకూడదు. గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి, అప్పటికప్పుడే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఇవ్వరు. మార్కులు పోతాయని దాచి షిఫ్ట్ అయ్యాక చెప్పడం ఈ కోర్సులో చేయగల తప్పుల్లో అతిపెద్దది.

రోగి గురించి వాట్సాప్‌లో ఒక్క ముక్క వద్దు, పేరు లేకపోయినా సరే. షిఫ్ట్‌లో రాసుకున్న కాగితం జేబులో ఇంటికి రాకూడదు. వార్డు వదిలేముందే ష్రెడ్డర్ డబ్బాలో వేయాలి.

నైట్ షిఫ్ట్ ముగిసేసరికి 17 గంటలుగా మెలకువగా ఉన్న మనిషి నడిపే కారు, మద్యం కొంచెం తాగినవాడు నడిపే కారు లాంటిదే. ఆ రోజులకు ఇంటికి చేర్చే మనిషినో ఊబర్ డబ్బులో ముందే పక్కన పెట్టుకోండి.

ఇంటిపేరు

కోర్సు చివర లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్ ఉంటుంది. కనీసం 85 ప్రశ్నలు, గరిష్ఠంగా 150, సమయం ఐదు గంటలు. రిజిస్ట్రేషన్‌లో ఇచ్చిన పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకటే కావాలి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు ఇంకోచోట, పెళ్లయ్యాక మారిన పేరు మరోచోట ఉంటాయి. డ్రైవింగ్ లైసెన్స్‌లో రెండూ కలిపేసి ఉంటుంది. ఇవి కలవకపోతే సెంటర్ తలుపు దగ్గరే వెనక్కి పంపుతారు, 200 డాలర్ల ఫీజు మళ్లీ కట్టాలి. స్కూలు అడ్మిషన్ ఫారం నింపే రోజునే పాస్‌పోర్టు, లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ కార్డు బల్లమీద పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం పోల్చి చూసుకోండి. తేడా ఉంటే దాన్ని సరిచేయించడానికి నెలలు పడుతుంది.